రాజీకి, పడవ కట్టించే ముందు

చిరంజీవి రాజీకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానేసి కాకినాడలో టూరిస్టు బోటు దింపబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. సగం భయం, సగం గర్వం. మన ఇంట్లో పడవలెక్కి బతికినవాళ్లు చాలామందే ఉన్నారుగానీ, పడవ కట్టిస్తానన్న ఆడపిల్లవి నువ్వే. ఈ మాట నాకు నువ్వే చెప్పి ఉండాల్సింది. బ్యాంకువాళ్లకి చెప్పావు, స్నేహితులకి చెప్పావు, తాళ్లరేవు వడ్రంగితో బేరం కూడా మాట్లాడావు. బతుకంతా ఓడల మీద గడిపిన మామయ్య మాత్రం గుర్తు రాలేదా? కోపం వచ్చింది. దాచుకోను. కానీ మీ అమ్మ పంపిన నీ బోటు బొమ్మ చూశాక కోపం పోయి కంగారు పట్టుకుంది. పైన ఇంకో అంతస్తు, దాని చుట్టూ సన్నటి కమ్మీలు, ఫొటోలు దిగడానికి ముందువైపు ఒక అరుగు. ఆ పై అంతస్తు గురించే ఈ ఉత్తరం. మిగతావి నీకు తెలియనివి కావు, గబగబా చెప్పేస్తాను.

సర్వే, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, పోర్టు అనుమతి లేకుండా ఒక్క టిక్కెట్టు కూడా అమ్మకు. కోరంగి అభయారణ్యం వైపు వెళ్లాలన్నా, హోప్ ఐలాండ్ మీద జనాన్ని దింపాలన్నా అటవీ శాఖ వాళ్లని ముందే కలువు. చలికాలం చివర్లో ఆ ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, అప్పుడు అక్కడ జనం తొక్కకూడదు. సరంగుని జీతం తక్కువని చూసి పెట్టుకోకు. ఏటిమొగలోనో దుమ్ములపేటలోనో ఈ అఖాతంలో పుట్టి పెరిగినవాణ్ణి వెతుకు. పాటు సమయంలో ఎక్కడ బురద తేలుతుందో, ఎక్కడ బోటు అడుగు పట్టేస్తుందో వాడికి ఒంటికి తెలుస్తుంది. లైఫ్ జాకెట్లు బల్లల కింద పేర్చి ఉంచడం కాదు, జెట్టీ మీదే తొడిగించి ఎక్కించు. పిల్లల సైజువి వేరే కొను.

వాతావరణం సంగతి ఒక్కటి కొంచెం గట్టిగా చెప్పాలి. రోజూ పొద్దున్నే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్లు సముద్రం ఎలా ఉంటుందో చెబుతారు, అది చూడకుండా తాడు విప్పకు. పోర్టులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారంటే టిక్కెట్ల డబ్బు వెనక్కి ఇచ్చెయ్. కార్తీక మాసంలో నీకు గిరాకీ బాగా ఉంటుంది, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ అప్పుడే. 1996 నవంబరు 6 రాత్రి మన తీరాన్ని తుఫాను ఎలా కొట్టిందో నువ్వు కథలుగా విన్నావు. వేటకెళ్లిన బోట్లు ఎన్నో తిరిగి రాలేదు. ఆ తర్వాత చాన్నాళ్ల వరకూ జగన్నాథపురం వంతెన దాటుతున్నప్పుడు ఎవరి మొహమూ చూడలేకపోయేవాణ్ణి. ఎదురొచ్చేవాళ్లలో ఎవరింట్లో ఎవరు పోయారో తెలిసేది కాదు.

ఇక అసలు సంగతి. రేవుకొచ్చే మనుషులు ఎలా మారారో తెలిస్తే, నేనెందుకు భయపడుతున్నానో నీకు అర్థమవుతుంది.

మా తాత కాకినాడ నుంచి రంగూన్‌కి స్టీమరు మీద వెళ్లాడు. డెక్కు టిక్కెట్టు. పైన ఆకాశం, కింద ఇనుప రేకు, చుట్టూ రంగూన్ బియ్యం మిల్లులకి కూలీకి పోయే జనం. సముద్రాన్ని చూడాలని వాళ్లెవరూ ఎక్కలేదు. మూట తల కింద పెట్టుకుని, చుట్టుకుని పడుకునేవారు. నేను విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ మీద పనిచేసిన రోజుల్లో కూడా ఎక్కువమంది అలాంటివాళ్లే. శ్రీకాకుళం నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ కుటుంబాలు, తాపీ పనివాళ్లు, ఉద్యోగస్తులు. రెండు రాత్రులకు పైగా ప్రయాణం, బంకు ఎక్కి పడుకుంటే అన్నం గంటకే లేచేవారు. తర్వాత తర్వాత టూరిస్టులు రావడం మొదలైంది. వాళ్లు బంకుల్లో ఉండరు. పొద్దున్నుంచి రాత్రి దాకా రెయిలింగు దగ్గరే. ఎగిరే చేప కనిపించిందని ఒకడు అరిస్తే వందమంది అటే. అంత పెద్ద ఓడకి వందమంది అటు పరిగెత్తినా చలనం ఉండదు. నీ బోటుకి ఉంటుంది.

ప్రపంచమంతా ఇలాగే జరిగింది. ఆవిరి ఓడలు వచ్చినప్పుడు వాటి పని టపా, సరుకు, వలసపోయే జనం. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి ఓడలు ఖాళీగా ఉంటున్నాయని, ఆల్బర్ట్ బాలిన్ అనే జర్మన్ ఆయన 1891 జనవరిలో ఆగస్టా విక్టోరియా అనే పెద్ద ఓడని ఊరికే విహారానికని మధ్యధరా సముద్రంలోకి పంపాడు. జనం డబ్బిచ్చి ఎక్కారు. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక ఊరు చేరడానికి ఓడెక్కేవాళ్లు కరిగిపోయారు, ఓడలకి మిగిలింది విహారమే. మన విశాఖలో కూడా 2023లో క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. ఓడ చేసే పని మారింది. ఎక్కే మనిషి మారాడు. ఊరికి చేరాలనుకున్నవాడు ఒకచోట కూర్చుంటాడు. చూడ్డానికి వచ్చినవాడు కూర్చోడు తల్లీ, ఎంత చెప్పినా కూర్చోడు. నీ బోటు ఆ లేచి నిలబడే మనిషి కోసం కట్టాలి.

మీ నాన్నకి ఈ సంగతి తెలియలేదు. ఇది నీకు ఎవరూ చెప్పలేదు. మీ అమ్మని అడిగాను, ఇప్పుడు చెప్పమంది.

నువ్వు పుట్టకముందు మీ నాన్నకి ఒక లాంచీ ఉండేది. సరుకు లాంచీ. దూరంగా లంగరేసిన ఓడలకి సామాన్లు చేరవేసేది. బేరాలు తగ్గాక మా బావ దాన్ని విహారానికి తిప్పాలనుకున్నాడు. ఆయన పిసినారి కాదు, తెగించిన మనిషి అంతకన్నా కాదు. నలభై మందికి అనుమతి ఉంటే ముప్పై ఎనిమిదో మనిషి దగ్గరే ఆపేసేవాడు. ఎక్కినవాళ్లు మాత్రం కింద ఏమీ కనబడడం లేదనేవారు. గట్టు చెక్క ఎత్తుగా ఉంది, నీళ్లు చూడ్డానికి నిక్కాల్సి వస్తోందని. అందుకని పైకప్పు మీద చెక్కలు పరిచి, రెండు బల్లలు వేసి, నిచ్చెన పెట్టాడు. జనం సంతోషించారు. నేనూ సెలవుల్లో వచ్చినప్పుడు ఆ బల్ల మీద కూర్చుని గాలి పీల్చాను. ఆ లాంచీ మీద పనిచేసే ముసలి సరంగు ఒక్కడే ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండేవాడు. పడవ ఊగి మళ్లీ నిలబడ్డానికి ఇదివరకటికన్నా ఎక్కువసేపు పడుతోందని ఆయన బావతో అన్నాడు. పైన బరువు ఎక్కువైందని ఆ మాటకి అర్థం, అది బావకి తెలియలేదు.

ఒక కార్తీక మాసపు ఆదివారం వనభోజనాలకని హోప్ ఐలాండ్ వెళ్లి తిరిగొస్తున్నాం. సాయంత్రం. దారిలో ఒక పెద్ద విదేశీ ఓడ లంగరేసి ఉంది. ఎవరో కుర్రాడు పైనుంచి, ఆ ఓడ లంగరు గొలుసు ఎంత లావుందో చూడండిరా అన్నాడు. కింద ఉన్నవాళ్లు నిచ్చెనెక్కారు, పైన ఉన్నవాళ్లు ఎడమ పక్కకి వచ్చారు. లాంచీ వాలింది. అలలు లేవు, గాలి లేదు, అద్దంలా ఉన్న నీళ్లలో వాలింది. వాలి ఆగిపోయింది. తిరిగి లేవలేదు. గట్టు చెక్క మీదుగా నీళ్లు సన్నటి రేకులా లోపలికి రావడం నేను చూశాను. ఒక పిల్ల జారి నీళ్లలో పడింది. కళాసీ ఒకడు వెంటనే దూకి జుట్టు పట్టుకున్నాడు.

అప్పుడు జనం చేసే పని ఒకటే, అందరూ ఒక్కసారిగా రెండో వైపుకి పరిగెత్తడం. అలా పరిగెత్తి ఉంటే పడవ అటు బోల్తా కొట్టేది. సరంగు చుక్కాని తిప్పలేదు. తిప్పితే ఇంకా బయటికి వాలుతుందని ఆయనకి తెలుసు. ఇంజను మెల్లగా తగ్గించి, ఒక్కటే కేక వేశాడు. ఎక్కడివాళ్లక్కడ కూలబడండి, ఎవరూ లేవొద్దని. ఆ గొంతుకి భయపడి అందరూ కూర్చున్నారు. బరువు కిందికి దిగింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి మధ్యకి తెచ్చాడు. లాంచీ బద్ధకంగా లేచింది.

రేవులో దిగాక మీ నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పిల్ల తండ్రి కొడతాడేమో అనుకున్నాను, ఆయన పిల్లని ఎత్తుకుని వెళ్లిపోయాడు. అదే బావని ఎక్కువ కోసేసింది. మర్నాడు పై చెక్కలన్నీ తనే ఊడదీశాడు. ఆ నెలలోనే లాంచీ అమ్మేశాడు. ఆ తర్వాత ఎరువుల కొట్టు పెట్టాడు, నీకు తెలిసిన నాన్న ఆయన. నిన్ను చిన్నప్పుడు బీచికి తీసుకెళ్లమంటే ఎందుకు విసుక్కునేవాడో ఇప్పుడైనా అర్థమైందా? నువ్వంటే విసుగు కాదమ్మా.

మనుషుల లెక్క సరిగ్గానే ఉంది, వాళ్లున్న చోటే తప్పు. ఇది బాగా గుర్తుపెట్టుకో. కావడిలో బరువెంతన్నది ఒక్కటే చాలదు, ఎటు ఎంత వేలాడుతోందో కూడా చూడాలి. పడవలో అయితే ఎంత ఎత్తున ఉందో కూడా చూడాలి. అమెరికాలో 1915 జులై 24న చికాగో నదిలో ఈస్ట్‌లాండ్ అనే విహార ఓడ ఇలాగే పడిపోయింది. ఒక కంపెనీవాళ్ల పిక్నిక్, రెండున్నర వేలమందికి పైగా ఎక్కారు, ఓడ ఇంకా రేవుకి కట్టేసే ఉంది. కట్టేసిన చోటే ఒక పక్కకి ఒరిగి 844 మంది పోయారు. టైటానిక్ మునిగాక అందరికీ సరిపడా లైఫ్‌బోట్లు ఉండాలన్నారు కదా, అసలే పైబరువున్న ఓడ మీద వాటిని కూడా ఎక్కించారు. ప్రాణాలు కాపాడతాయని పెట్టినవే పైన చేరి భారమయ్యాయి.

కచ్చులూరు గురించి నేను ఎక్కువ రాయలేను. 2019 సెప్టెంబరు 15న అక్కడ గోదారిలో మునిగిన విహార బోటు ఎక్కిన 77 మందిలో 26 మందే మిగిలారు. వరద గోదారిలోకి వెళ్లడమే అక్కడ మొదటి తప్పు, అది వేరే సంగతి. కానీ బయటికి దారి దొరకని గది నీ బోటులో ఎక్కడా ఉండకూడదు. ఏసీ అని అద్దాలు బిగించకు. చుట్టూ తెరిచి ఉంచు, ఎండకి గుడ్డ పందిరి చాలు.

కాబట్టి పై అంతస్తు తీసెయ్. చూడ్డానికి వీలుగా ఉండాలంటే బోటు వెడల్పు పెంచు, కింది అంతస్తులోనే గట్టు చెక్క మీదుగా కనిపించేలా బల్లలు ఎత్తు చెయ్యమను, మధ్యలో మాత్రం నిలబడే చోటు ఉంచు. అడుగున నీళ్లు నిలవనివ్వకు. పడవ వాలగానే ఆ నీళ్లన్నీ వాలిన పక్కకే పోయి ఇంకా లాగుతాయి, రోజూ తోడించు. చూడాల్సింది ఎడమవైపు ఉంటే సరంగు ముందే చెప్పాలి, కాసేపట్లో పడవ తిప్పుతాం, కుడివైపువాళ్లకీ కనిపిస్తుంది, ఎవరూ లేవక్కర్లేదని. నిజంగానే తిప్పాలి. ఒకసారి మాట తప్పితే రెండోసారి ఎవరూ కూర్చోరు.

దింపాక జనాన్ని ఎక్కించకముందే ఇంక్లైనింగ్ టెస్ట్ చేయించు. డెక్కు మీద తూకం వేసిన బరువులు ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతారు, లోపల వేలాడదీసిన గుండు ఎంత జరిగిందో కొలుస్తారు. దాన్ని బట్టి పడవ తన కాళ్ల మీద ఎంత గట్టిగా నిలబడుతుందో లెక్క తేలుతుంది. సర్వేయరు కాగితం ఇచ్చాడు కదా అని వదిలేయకు. ఆ తర్వాత మనం ఇసుక బస్తాలు తెచ్చి, నీ టిక్కెట్లు ఎన్నో అంతమంది బరువుకి సరిపడా అన్నీ ఒకే పక్కన పేర్చి చూద్దాం.

డబ్బు చాలడం లేదని మీ అమ్మ అంది. పై అంతస్తు తీసేస్తే సీట్లు తగ్గుతాయి, బ్యాంకు కంతు కట్టడం కష్టమవుతుందని కూడా అంది. నా దగ్గర ఉన్నది నీకు కాక ఇంకెవరికి? వచ్చే అమావాస్య తర్వాత తాళ్లరేవు వస్తున్నాను. అప్పటిదాకా వడ్రంగిని అడుగు చెక్క వరకే ఆగమను, పక్కలు ఎత్తనివ్వకు. బొమ్మ ఫోన్లో చాలదు, కొలతలతో ఉన్న పెద్ద కాగితం తీసి ఉంచు. ఇసుక బస్తాలకి ఇప్పుడే చెప్పి పెట్టు.

మీ మామయ్య