టెక్ సందేహాలు: చూపు ఉండగానే టాక్‌బ్యాక్ నేర్చుకోండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో కంటిచూపు గురించినవే ఎక్కువ. వైఫై, బ్యాటరీ సందేహాలు వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: నాన్నకి డెబ్బై నాలుగేళ్లు. మాక్యులర్ డీజెనరేషన్ అని డాక్టర్ చెప్పారు. ఏది చదవబోయినా మధ్యలో మసక మచ్చ అడ్డొస్తోందట. ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఇచ్చాను. ఏం నొక్కినా తెరుచుకోవట్లేదని టెన్షన్ పడి పక్కన పడేశారు. ఆయనకి ఏ యాప్ వేయాలి?

జవాబు: యాప్ సంగతి తర్వాత. ముందు ఆ మచ్చ గురించి. మనం చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా పొర నడిమధ్యలోని మాక్యులాతో. అది దెబ్బతిన్నా చుట్టుపక్కల చూపు సాధారణంగా మిగిలే ఉంటుంది. మా పెద్దనాన్నకీ ఇదే జబ్బు. నాతో మాట్లాడుతూ నా చెవి పక్కకి చూస్తుండేవారు. నా మాట మీద ధ్యాస లేదేమో అని మొదట్లో బాధపడ్డాను. అలా పక్కకి చూస్తేనే ఆయనకి నా ముఖం కనబడుతుందని తర్వాత తెలిసింది. మిగిలిన చూపుని వాడుకోవడం నేర్పే లో విజన్ నిపుణులు దీన్ని సాధన చేయించి మరీ నేర్పుతారు. చూపు ఏ వైపు మళ్లిస్తే అక్షరం బాగా దొరుకుతుందో కనిపెట్టి, ఆ చోటుని అలవాటు చేస్తారు. నాన్నగారిని అలాంటి చోటికి తప్పకుండా తీసుకెళ్లండి. ఏ యాప్ కన్నా ఇదే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఫోన్. సెటింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి అక్షరాల సైజు పెంచండి, బోల్డ్ ఆన్ చేయండి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చేలా పెట్టండి. మందుల అట్ట మీద పేరు చదవడానికి కెమెరాని భూతద్దంలా వాడే మాగ్నిఫయర్ పనికొస్తుంది.

టాక్‌బ్యాక్ ఆన్ చేయగానే ఫోన్ పాడైందని చాలామంది కంగారుపడతారు. ఫోన్ బాగానే ఉంటుంది, వేళ్ల భాష మారుతుంది అంతే. ఒకసారి తాకితే అక్కడున్నది చదువుతుంది. రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. పేజీ కదలాలంటే రెండు వేళ్లతో జరపాలి. మొదటి వారం ఈ మూడూ చాలు. కొత్త ఫోన్లు చాలావాటిలో రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ ఎత్తుకుంటుంది కాబట్టి, మీరు పక్క గదిలోంచి కాల్ చేస్తూ అది ఒక్కటి ఎత్తించండి. ఫోన్ ఎత్తగలిగితే సగం భయం పోతుంది. తెలుగు గొంతు పెట్టి, చదివే వేగం తగ్గించండి. రెండు వాల్యూమ్ బటన్లూ మూడు సెకన్లు నొక్కి పడితే టాక్‌బ్యాక్ ఆగిపోయేలా, మళ్లీ నొక్కితే వచ్చేలా షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. అది కూడా నేర్పండి. ఎప్పుడైనా వెనక్కి రావచ్చని తెలిస్తేనే ఎవరైనా ధైర్యంగా ముందుకెళతారు.

ఒక జాగ్రత్త. తలుపు అంచులాంటి తిన్నని గీతలు వంకరగా కనబడటం మొదలైతే ఆలస్యం చేయకుండా రెటీనా డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. రెటీనా కింద రక్తనాళాలు కారే తడి రకం మాక్యులర్ డీజెనరేషన్‌కి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. 2006లో రానిబిజుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చాక ఈ జబ్బు నడకే మారింది. కానీ ఆ మందు సమయానికి పడాలి.

ప్రశ్న: నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే రెటీనా మెల్లగా పాడయ్యే జబ్బు. రాత్రిళ్లు అసలు కనబడదు, పగలు గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. ప్రోగ్రామర్‌ని. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా చదవడం ఇంకా కష్టమవుతోంది. కంట్లో పెట్టే చిప్‌లు వస్తున్నాయట కదా, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తే సరిపోతుందా?

జవాబు: మీరు అక్షరాలు పెద్దవి చేయకూడదు. గొట్టం అంతే ఉంది, పదం పెరిగింది. అందుకే అది అంచులు దాటి బయటికి పోతోంది. ఇబ్బంది లేకుండా చదవగలిగినంత చిన్న సైజు పెట్టుకుని, కాంట్రాస్ట్ పెంచండి. మౌస్ కర్సర్‌ని మాత్రం పెద్దది చేయండి.

చిప్‌ల విషయం దాచకుండా చెప్పాలి. ఆర్గస్ 2 అనే రెటీనా ఇంప్లాంట్‌కి 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 60 ఎలక్ట్రోడ్లతో వెలుగునీ, ఆకారాల అంచులనీ చూపించేది. కొన్నేళ్లకి కంపెనీ దాని తయారీ ఆపేసింది. పాడైతే బాగుచేసేవాళ్లు లేక, దాన్ని కంట్లో పెట్టించుకున్నవాళ్లు ఇరుకున పడ్డారు. శరీరంలో పెట్టే ఏ పరికరం గురించైనా మొదట అడగాల్సింది పదేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు అనే. 2025లో ఫలితాలు వెలువడిన ప్రైమా చిప్ చాలా ఆశ కలిగిస్తోంది. 2 మిల్లీమీటర్ల చదరం, ప్రత్యేకమైన కళ్లద్దాలతో కలిసి పనిచేస్తుంది. అయితే ఆ పరీక్ష జరిగింది మాక్యులర్ డీజెనరేషన్ ముదిరినవాళ్ల మీద. మీ జబ్బు వేరు.

మీకు దగ్గరైన దారి జన్యు పరీక్ష. ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపమున్నవాళ్ల కోసం లక్స్‌టర్నా అనే జన్యు చికిత్సకి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెటీనాలో ఇంకా బతికున్న కణాలుంటేనే అది పనిచేస్తుంది. మీ జబ్బుకి కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. మీది ఏదో తెలిస్తే, దాని మీద ట్రయల్ మొదలైనప్పుడు మీరు అర్హులో కాదో తేలుతుంది.

అప్పటిదాకా నెట్టుకురావడం మాత్రం వద్దు. ఎన్‌వీడీఏ ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసుకోండి. విండోస్ తెరని చదివి వినిపించే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ని 2006లో మొదలుపెట్టింది మైఖేల్ కరన్. ఆ తర్వాత ఆయనతో జేమ్స్ టే కలిశారు. ఇద్దరూ చూపులేనివాళ్లే. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ దీనితో చక్కగా పనిచేస్తుంది. లైన్‌లో తప్పుంటే శబ్దంతో చెబుతుంది కూడా. రోజూ అరగంట మానిటర్ ఆపేసి చెవులతో కోడ్ చదవండి. మొదట్లో విసుగొస్తుంది. ఎక్కడైనా చిక్కుకుంటే ఇప్పుడైతే మానిటర్ ఆన్ చేసి చూసుకోవచ్చు. చూపు బాగా తగ్గాక మొదలుపెట్టేవాళ్లకి ఆ వీలుండదు. అందుకే తొందరపెడుతున్నాను.

ప్రశ్న: చూపు తగ్గినవాళ్లకి సాయపడే బీ మై ఐస్ యాప్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకి వీడియో కాల్ వెళుతుందట. వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు. పాల ప్యాకెట్ మీద తేదీ చూడటం, రెండు చొక్కాల్లో నీలిది ఏదో తెలుసుకోవడం లాంటివాటికి ఎంతో మంచిది. బ్యాంకు కార్డు, ఓటీపీ, ఇంటి కాగితాలు మాత్రం కెమెరా ముందుకి రానివ్వకండి. ఫొటో చూసి వర్ణించే ఏఐ కూడా అందులో ఉంది. అది తప్పు కూడా చాలా నమ్మకంగా చెబుతుంది. మందుల విషయంలో ఒక మనిషిని కూడా అడగండి.

ప్రశ్న: గ్లకోమాతో (నీటికాసులు) అమ్మ చూపు బాగా పోయింది. ఈమధ్య గదిలో చిన్నపిల్లలు నిలబడి ఉన్నట్టు కనబడుతున్నారట. "పిచ్చి అనుకుంటారేమో" అని నాకొక్కదానికే చెప్పింది. టాబ్ ఎక్కువ చూడటం వల్లా?

జవాబు: టాబ్ వల్ల కాదమ్మా. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి మెదడు తనంతట తాను బొమ్మలు కల్పించి చూపిస్తుంది. దీన్ని చార్ల్స్ బానెట్ సిండ్రోమ్ అంటారు. 1760లో స్విస్ శాస్త్రవేత్త బానెట్ దీన్ని మొదట తన తాతగారిలోనే గమనించి రాశాడు. అది పిచ్చి కాదు. సాధారణంగా మాటలు వినిపించవు, బొమ్మలు మాత్రమే. వేరే కారణాలు లేవని నిర్ధారించుకోవడానికి డాక్టర్‌కి చెప్పండి. గదిలో లైటు వేయడం, కళ్లు అటూ ఇటూ తిప్పడం, లేచి నాలుగడుగులు వేయడం కొందరికి పనిచేస్తాయి. టాబ్ తీసేయకండి. అందులో ఆవిడకి నచ్చిన పాటలూ, ఆడియో పుస్తకాలూ వేసి, వాల్యూమ్ బటన్ మీద వేలికి తగిలేలా ఒక చిన్న స్టిక్కర్ అంటించండి. ఈ జవాబు ఇవాళే ఆవిడకి చదివి వినిపించండి.