ద్రవ్యోల్బణం అంకెలు, ఆర్‌బీఐ ప్రకటనలు వచ్చినప్పుడు ప్రభుత్వ బాండ్ల ధరలు ఎందుకు ఊగుతాయి?

వార్త మంచిదా చెడ్డదా అన్నది బాండ్ల మార్కెట్‌కు తర్వాతి సంగతి. ముందే అనుకున్నదా, అనుకోనిదా అన్నదే అసలు విషయం. అనుకున్న వార్త అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది. ద్రవ్యోల్బణం అంకెకైనా, ఆర్‌బీఐ ప్రకటనకైనా ఇదే లెక్క.

2022 మే 4. ఎల్‌ఐసీ ఐపీఓ మొదలైన రోజు. మల్కాజిగిరిలో మా బాబాయి ఇంట్లో దానికి అప్లై చేసే హడావుడిలో ఉన్నాం. మధ్యాహ్నం రెండింటికి టీవీలో అప్పటి ఆర్‌బీఐ గవర్నర్ శక్తికాంత దాస్ వచ్చారు. పాలసీ సమావేశం జూన్‌లో జరగాలి, మధ్యలో ప్రకటన వస్తుందని ఎవరూ అనుకోలేదు. రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ రేటు) 4 నుంచి 4.40 శాతానికి, సీఆర్‌ఆర్ (బ్యాంకులు డిపాజిట్లలో ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన వాటా) 4.5 శాతానికి పెంచారు. సాయంత్రానికి పదేళ్ల బాండు ఈల్డ్ (ఆ రోజు ధరకు కొంటే ఏటా దక్కే రాబడి; ధర పడితే ఇది పెరుగుతుంది) 7.12 నుంచి 7.38 శాతం దాకా ఎగబాకింది. పావు శాతమేగా అనిపిస్తుంది. కానీ పదేళ్ల బాండులో ఈల్డ్ ఒక శాతం పెరిగితే ధర సుమారు ఏడు శాతం పడుతుంది. అంటే ఆ ఒక్క పూటలో నూటికి పావుతక్కువ రెండు రూపాయలు పోయినట్టే.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత గిల్ట్ ఫండ్‌లో, అంటే ప్రభుత్వ బాండ్లు కొనే మ్యూచువల్ ఫండ్‌లో ఉంది. ఎన్‌ఏవీ (ఫండ్ యూనిట్ ధర) పక్కన ఎర్ర బాణం. "ఒరేయ్, గవర్నమెంటు బాండే కదరా, డబ్బెలా తగ్గుతుంది?" అన్నారు. బ్యాంకులో ఆ ఫండ్ అమ్మినాయన 'సర్కారు గ్యారంటీ' అని మాత్రమే చెప్పాడట. సర్కారు గ్యారంటీ వడ్డీకి, గడువు తీరాక వచ్చే అసలుకు. మధ్యలో ధరకు ఎవరి హామీ ఉండదు. ఈ ముక్క దాచిపెట్టి పెద్దవాళ్లకు ఫండ్లు అంటగట్టడం ఘోరం. దీని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

రేటు తగ్గిస్తే బాండు ధర పెరిగి తీరుతుందని నమ్మేవాళ్లు 2025 జూన్ 6 చూడాలి. మార్కెట్ పావు శాతం కోత ఆశిస్తే ఆర్‌బీఐ అర శాతం కోసి రెపోను 5.50 చేసింది. ఈల్డ్ కాసేపు పడింది. కానీ అదే ప్రకటనలో పాలసీ వైఖరిని న్యూట్రల్‌కు, అంటే అటు పెంపుకూ ఇటు కోతకూ మొగ్గని స్థితికి మార్చారు. ఇక ముందు పెద్దగా కోతలుండవని అర్థమై, పదేళ్ల బాండును జనం అమ్మేశారు. చివరికి ఈల్డ్ పెరిగింది. మన చానళ్లలో మాత్రం రోజంతా 'ఈఎంఐలు తగ్గుతాయి' అన్న స్క్రోలింగే. వైఖరి గురించి ఒక్క ముక్క లేదు. గిల్ట్ ఫండ్ ఉన్నవాళ్లు రేటు అంకె దగ్గరే ఆగిపోకుండా ప్రకటనలో వైఖరి చెప్పే పేరా కూడా చదవండి.