కేసుల లెక్క మీద అనుమానం ఉందని టెస్టు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 58. చాలా ఏళ్లుగా షుగర్‌కు మందులు వాడుతున్నాను. నిన్నటి నుంచి జ్వరం, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. డాక్టరు గారు కోవిడ్, ఫ్లూ పరీక్షలు రాశారు. నాకు మనసొప్పడం లేదు. 2021లో ఏ లక్షణమూ లేకపోయినా ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ వచ్చింది. వారం తర్వాత ఇంకో ల్యాబులో నెగెటివ్ వచ్చింది. అయినా నన్ను కేసుల్లో కలిపేశారు. ఆ పరీక్ష కనిపెట్టిన శాస్త్రవేత్తే అది జబ్బు తేల్చడానికి పనికిరాదన్నారని ఒక వీడియోలో చూశాను. లెక్కలే తప్పయినప్పుడు మళ్లీ ఈ పరీక్ష ఎందుకు?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ ఆరోగ్యం సంగతి చూద్దాం. పరీక్ష ఈ రోజే చేయించుకోండి. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ మాత్రలు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు. కోవిడ్ అయితే యాంటీవైరల్ మందు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు పడాలి. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఇది ఫలానా జబ్బని ఏ డాక్టరూ తేల్చలేరు. ఆ వయసులో, అందులోనూ షుగర్ ఉన్నవారికి, రెండు రోజులు ఆగి చూద్దాం అనుకోవడం ప్రమాదం.

ఇక మీ పాత రిపోర్టు. ఆర్టీపీసీఆర్‌లో, ముక్కు, గొంతు నుంచి పుల్లతో తీసిన శాంపిల్‌లో (స్వాబ్) వైరస్ జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏ ఉంటే దాన్ని డీఎన్ఏగా మార్చి, మెషిన్‌లో వేడి చేస్తూ, చల్లారుస్తూ ఒక్కో సైకిల్‌కు రెట్టింపు చేసుకుంటూ పోతారు. 30 సైకిళ్లు తిరిగేసరికి ఒక్క తునక 100 కోట్లు దాటుతుంది. వైరస్ జాడ ఎన్నో సైకిల్‌లో దొరికిందో అదే సీటీ విలువ. 18 దగ్గరే దొరికితే వైరస్ బాగా ఉన్నట్టు, 36 దాకా వెళ్లాల్సి వస్తే ఏదో కాస్త మిగిలినట్టు. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా ఆ తునకలు ముక్కులో, గొంతులో వారాల తరబడి ఉండిపోవచ్చు. కాబట్టి వైరస్ మీకు వచ్చి, తగ్గిపోయే దశలో మొదటి పరీక్ష జరిగి ఉండవచ్చు. అలాగైతే రెండు ల్యాబులూ చెప్పింది నిజమే. శాంపిల్ తారుమారై ఉండే అవకాశమూ లేకపోలేదు. అప్పట్లో చాలా రిపోర్టుల్లో పాజిటివ్ అన్న ఒక్క మాటే ఉండేది. నా దృష్టిలో అది జనాన్ని అన్యాయంగా టెన్షన్ పెట్టింది. బలహీనమైన పాజిటివ్ వచ్చినప్పుడు రోగి లక్షణాలు కూడా చూడాలని, అవి పొసగకపోతే కొత్త శాంపిల్ తీసుకుని మళ్లీ పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జనవరిలో ల్యాబులకు గుర్తు చేసింది కూడా.

వీడియోలో మీరు చూసింది కేరీ మల్లిస్‌ను. ఆర్టీపీసీఆర్‌కు మూలమైన పీసీఆర్ పద్ధతి కనిపెట్టినందుకు 1993లో నోబెల్ అందుకున్నారు. ఆయన 2019 ఆగస్టులోనే చనిపోయారు, కోవిడ్ వైరస్ బయటపడిందే ఆ తర్వాత. ఆ మాటలు 1990ల్లో హెచ్ఐవీ మీద జరిగిన వాదనలోవి. ఇప్పుడు హెచ్ఐవీ రోగికి మందు పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి చేసే వైరల్ లోడ్ పరీక్ష కూడా ఎక్కువగా ఈ పద్ధతిదే.

అయితే ఫాల్స్ పాజిటివ్‌ల, అంటే వైరస్ లేకపోయినా పాజిటివ్ రావడం గురించిన గొడవ ఉత్తదేం కాదు. లక్ష మందికి పరీక్ష చేస్తే, వైరస్ నిజంగా 100 మందికే ఉందనుకోండి. వైరస్ లేనివారిలో వెయ్యికి ఐదుగురికి పొరపాటున పాజిటివ్ వచ్చినా, దాదాపు 500 మంది అనవసరంగా కేసులవుతారు. అసలు రోగుల కంటే ఐదింతలు! అదే లక్షలో 10,000 మందికి వైరస్ ఉన్న రోజుల్లో ఆ పొరపాట్లు 450. పరీక్ష అదే, కానీ పాజిటివ్ అన్న మాటకు ఉండే విలువ మారిపోయింది. వాస్తవంలో పొరపాట్లు ఇంకా చాలా తక్కువని న్యూజిలాండ్ అనుభవం చెబుతుంది. అక్కడ 2020 ఆగస్టు దాకా 102 రోజులు స్థానికంగా ఒక్కరికీ సోకలేదు, వేలల్లో పరీక్షలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. వెయ్యికి ఐదు తప్పులుంటే రోజూ లేని కేసులు పుట్టుకొచ్చేవి.

మిమ్మల్ని కేసుల్లో ఎందుకు కలిపారంటే, ల్యాబులో వైరస్ తేలితే చాలు, లక్షణాలున్నా లేకపోయినా నిర్ధారిత కేసే అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. వ్యాప్తిని ఆపడానికి అది అవసరమే. కానీ రోజూ టీవీలో చూపించే ఒకే అంకెలో మీరూ, వెంటిలేటర్ మీదున్న రోగీ పక్కపక్కన చేరిపోయారు. ఈ విషయంలో మీ కోపం సబబే. నిర్వచనం మారితే అంకె ఎలా ఎగిరిపడుతుందో 2020 ఫిబ్రవరిలో చైనాలోని హుబేలో చూశాం. ల్యాబు నిర్ధారణ లేకపోయినా డాక్టర్లు లక్షణాలు, స్కాన్ చూసి తేల్చినవారిని కలపగానే ఒక్కరోజులో దాదాపు 15,000 కేసులు పెరిగాయి. అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్‌లో, పాజిటివ్ వచ్చిన 28 రోజుల్లోపు పోయినవారినే లెక్కించాలనగానే మృతుల సంఖ్య 5,000కు పైగా తగ్గింది.

దీన్నిబట్టి అంతా పెంచి చూపారనుకుంటే పొరపాటు. టెస్టుతో నిమిత్తం లేకుండా, మామూలు ఏడాదుల్లో కంటే ఎందరు ఎక్కువగా చనిపోయారో చూసే పద్ధతి ఒకటుంది. ఆ లెక్కన 2020, 2021లో ప్రపంచమంతా కలిపి సుమారు 1.49 కోట్ల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దేశాలు కోవిడ్ మృతులుగా చూపింది 54 లక్షలే. ఆ అదనంలో ఆస్పత్రులు నిండిపోయి వేరే జబ్బులకు వైద్యం అందక పోయినవారూ ఉన్నారు. అదంతా తీసేసినా, అంకెలు ఉబ్బించారన్న వాదన నిలబడదు.

ఇంట్లో ర్యాపిడ్ యాంటిజెన్ కిట్‌తో చూసుకుని నెగెటివ్ వస్తే దాంతో ఆగిపోకండి. మొదటి రోజుల్లో అది వైరస్‌ను పట్టుకోలేకపోవచ్చు. ఆర్టీపీసీఆర్ చేయించుకోండి, లేదంటే 48 గంటల తర్వాత కిట్‌తో మళ్లీ చూడండి. జ్వరం తగ్గేదాకా షుగర్ తరచూ చూసుకోండి. పల్స్ ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. ఆక్సిజన్ అవసరం పడని రోగికి వాటితో మేలు లేదు, షుగర్ మాత్రం అమాంతం పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ తీసుకెళ్లండి. కొలెస్ట్రాల్, గుండె మందుల్లో కొన్ని కోవిడ్ యాంటీవైరల్‌తో కలిపి వాడకూడదు. అలాంటివుంటే ఆయన వాటిని కొన్నాళ్లు ఆపడమో, మీకు వేరే మందు రాయడమో చేస్తారు.