పిట్స్‌బర్గ్‌లో 21 నంబరు ఎవరిది?

బేస్‌బాల్ ఆటగాళ్ల సేవ అంతా పేరు కోసమేనా, మనసుపెట్టి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒకరు అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చే పేరు రాబర్టో క్లెమెంటే.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. వెళ్లిన కొత్తలో బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. ఆఫీసువాళ్లు మొదటిసారి మ్యాచ్‌కి తీసుకెళ్లిన రోజు మేం నడిచి దాటిన వంతెనది ఆయన పేరే. మ్యాచ్ ఉన్నప్పుడు దాని మీద కార్లు ఆపేస్తారు, జనం తిరనాళ్లకి వెళ్తున్నట్టు నడుస్తారు. లోపల పక్క సీటు పెద్దాయన మైదానం కుడివైపు హద్దు గోడ చూపించి, "దాని ఎత్తు 21 అడుగులు. ఎందుకో తెలుసా? క్లెమెంటే జెర్సీ నంబరు" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆ రాత్రంతా క్లెమెంటే గురించి చదువుతూ కూర్చున్నాను.

1934లో కరీబియన్ దీవి పోర్టోరికోలోని కరోలీనాలో పుట్టారు. నాన్న చెరకు తోటల్లో మేస్త్రీ. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఆడిన 18 సీజన్లూ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే. నల్లజాతివాడు, మాతృభాష స్పానిష్. ఆయన ఇంగ్లీషు యాసను పత్రికలు ఎగతాళిగా అచ్చువేసేవి. అభిమానులు దాచుకునే బేస్‌బాల్ కార్డుల మీద పేరును 'బాబ్' అని మార్చేశారు కూడా. ఆయన మాత్రం నా పేరు రాబర్టో అనే చెప్పేవారు. 1972 సెప్టెంబరు 30న 3000వ హిట్ (బంతిని కొట్టి బేస్ చేరుకోవడం) కొట్టారు. ప్లేఆఫ్‌లు కాకుండా మామూలు లీగ్ మ్యాచ్‌ల్లో అదే చివరిది.

ఆ డిసెంబరు 23న నికరాగ్వా రాజధాని మనాగ్వాను భూకంపం నేలమట్టం చేసింది. అంతకు నెల ముందే పోర్టోరికో జట్టుకు మేనేజరుగా ఆయన ఆ ఊళ్లోనే ఉన్నారు. క్రిస్మస్ పండగ మానుకుని శాన్ హువాన్‌లో విరాళాలు, మందులు, తిండి సామాను పోగుచేసి పంపించారు. అక్కడి సైనికులు వాటిని దారి మళ్లిస్తున్నారని కబురొచ్చింది. తాను పక్కన ఉంటే బాధితులకు చేరతాయని డిసెంబరు 31 రాత్రి తానే బయల్దేరారు. మోయలేనంత సరుకు ఎక్కించిన ఆ పాత విమానం పైకి లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. అందులోని అయిదుగురూ పోయారు. ఆయనకు 38 ఏళ్లు. శవం కూడా దొరకలేదు. పైరేట్స్ జట్టులో క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టే ఆటగాడు), ప్రాణస్నేహితుడు మానీ సాంగియన్ సంతాప ప్రార్థనకు కూడా వెళ్లకుండా, ఆయన కోసం నీళ్లలో దిగి వెతికాడు. ఇది చదివినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

గొప్ప ఆటగాళ్లకు గౌరవంగా ఇచ్చే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ చోటుకి, ఆట మానేశాక అయిదేళ్లు ఆగాలన్న నియమాన్ని పక్కనపెట్టి 1973లోనే ఆయన్ని చేర్చుకున్నారు. సమాజసేవ చేసే ఆటగాడికి ఏటా ఇచ్చే అవార్డు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది.

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి మనవాళ్లు చాలామంది వెళ్తారు కదా. ఈసారి వెళ్తే ఒక పూట మిగుల్చుకుని ఆ వంతెన మీద నడవండి. స్టేడియం వైపు చివర ఆయన విగ్రహం ఉంటుంది.