లంగరుకు స్వివెల్ పెట్టాలా, షాకిల్ చాలా?

లంగరుకూ తాడుకూ మధ్య మెరిసే స్టెయిన్‌లెస్ స్వివెల్ (గొలుసు మెలిపడకుండా తిరిగే కీలు) కొనాలా, మామూలు షాకిల్ (మరల పిన్నుతో మూసే U ఆకారపు కడియం) సరిపోతుందా అని అడిగారు. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) బో షాకిల్, అంటే విల్లులా గుండ్రంగా వంగినది, కొనండి. స్వివెల్ వద్దు.

ముందుగా, తాడును నేరుగా లంగరుకు కట్టకండి. అడుగున రాళ్లకు ఒరుసుకుని తెగిపోతుంది. మధ్యలో కొన్ని మీటర్ల గొలుసు ఉంటే దాని బరువుకు లంగరు కాడ (పొడవాటి కడ్డీ) కిందికి వంగి, మొన బాగా దిగబడుతుంది. కాబట్టి షాకిళ్లు రెండు కావాలి: లంగరు దగ్గర ఒకటి, గొలుసు తాడును కలిసే చోట ఒకటి. తాడు కొసను లోహపు థింబుల్ (తాడు ఒరుసుకోకుండా కాపాడే గాడి రింగు) చుట్టూ తిప్పి అల్లించండి. ముడి వేస్తే తాడు బలం దాదాపు సగానికి పడిపోతుంది.

షాకిల్ ఎంత లావుగా ఉన్నా, ఎంత బరువు మోస్తుందో దాని మీద అచ్చు లేకపోతే కొనకండి. ఆ అంకె గొలుసు సామర్థ్యానికి తగ్గకూడదు. అందుకే 8 మి.మీ. గొలుసుకు 10 మి.మీ. షాకిల్ చూస్తారు. కానీ దాని పిన్ను ఇంకాస్త లావుగా ఉంటుంది, అన్ని గొలుసుల లింకుల్లోనూ పట్టదు. గొలుసు వెంట తీసుకెళ్లి, దూర్చి చూసి కొనండి.

స్వివెల్ ఎందుకు వద్దంటున్నానంటే, గాలి తిరిగితే పడవ పక్కకు జరుగుతుంది, నేలలో దిగిన లంగరు మాత్రం వెంటనే తిరగదు. అప్పుడు కాడకు బిగించిన స్వివెల్ మీద అడ్డంగా లాగుడు పడుతుంది. అది తన పొడవు వెంట తిన్నగా పడే లాగుడుకే బలమైనది. పైగా స్టెయిన్‌లెస్ లోపలి సందుల్లో తుప్పు తినేస్తున్నా పైకి తళతళలాడుతూనే ఉంటుంది, నాకు అదే భయం. గాల్వనైజ్డ్ గొలుసు పక్కన ఉప్పునీటిలో పెడితే గొలుసు మీది జింకు కూడా త్వరగా పోతుంది. గొలుసు మెలిపడి నిజంగానే ఇబ్బంది పెడుతుంటే, లంగరుకూ స్వివెల్‌కూ మధ్య నాలుగైదు లింకులు వదలండి.

అన్నిటికన్నా ముఖ్యం పిన్ను. ఓ పాత పడవ లంగరు ఎత్తి చూస్తే పిన్ను ఊడకుండా వేసే కట్టుతీగ ఎప్పుడో తెగిపోయింది, పిన్ను మరలు రెండు చుట్లు బయటికి వచ్చేశాయి. అది చూసినప్పటి నుంచి నేను లంగరు ఎత్తిన ప్రతిసారీ అక్కడ చెయ్యి పెట్టి తడుముతాను. పిన్నును స్పానర్‌తో బిగించి, దాని కన్నంలోంచి తీగను షాకిల్ పక్క కమ్మీ చుట్టూ రెండు మూడుసార్లు తిప్పి, పట్టకారుతో మెలిపెట్టండి. కొసలు లోపలికి మడవండి, లేకపోతే చెయ్యి చీరుకుపోతుంది. ప్లాస్టిక్ టై ఎండకు పెళుసెక్కుతుంది, దాన్ని నమ్మకండి.

గొలుసు ఒరుసుకునే చోట షాకిల్ మందం పదో వంతు తరిగిందంటే మార్చేయండి.