ఒకే రిపోలో నాలుగైదు భాషలు ఉంటే ఫార్మాటింగ్, లింటింగ్ ఎవరూ గుర్తుచేయకుండా జరగాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి: ఒకే రిపోలో, అంటే ఒకే కోడ్ నిల్వలో, పైథాన్ ఏపీఐ, రియాక్ట్‌తో రాసిన టైప్‌స్క్రిప్ట్ వెబ్, వేరే టీమ్ చూసుకునే జావా సర్వీసు, కొన్ని షెల్ స్క్రిప్టులు, సర్వర్ల సెటప్‌ను కోడ్‌గా రాసే టెర్రాఫామ్ ఉన్నాయి. పుల్ రిక్వెస్టుల్లో (మార్పును మెయిన్ కోడ్‌లో కలపమని అడిగేవి) సగం కామెంట్లు ఖాళీల మీద, కొటేషన్ గుర్తుల మీదే పడుతున్నాయి. కమిట్ హుక్ (కమిట్ చేసేముందు దానంతట అదే నడిచే చెక్) పెడితే కొందరు దాటేస్తున్నారు. జావా టీమ్ వాళ్లు తమ ఫైళ్లన్నీ ఒకేసారి మార్చడానికి ఒప్పుకోవడం లేదు. అన్నింటికీ కలిపి ఒకే టూల్ ఉందా, భాషకొకటి పెట్టుకోవాలా?

మా దగ్గరా దాదాపు ఇదే కలగలుపు. చాలాకాలంగా ఇలాంటి రిపోతోనే బతుకుతున్నాం కాబట్టి నిలబడిన పద్ధతి చెబుతాను. ఏ భాషకు దాని సొంత టూల్ పెట్టండి, వాటన్నింటినీ పిలిచే కమాండ్ మాత్రం ఒక్కటే ఉంచండి. అంతకంటే ముందు ఒక విషయం టీమ్ మొత్తం ఒప్పుకోవాలి: కోడ్‌ను అందంగా సర్దే ఫార్మాటింగ్ వేరు, తప్పులు పట్టే లింటింగ్ వేరు. మొదటిది పూర్తిగా మెషీన్‌కు వదిలేయాలి. రెండోదాన్ని మనుషులు కూర్చుని, ఆలోచించి, ఒక్కో రూల్ చొప్పున ఎంచుకోవాలి. ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి టీమ్ మీద పెట్టిన చోటల్లా జనం రెండింటినీ తిట్టుకోవడమే చూశాను.

1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాసిన లింట్ పని, కంపైలర్ ఊరుకున్నా అనుమానించాల్సిన కోడ్‌ను పట్టివ్వడం. అందంగా సర్దడం దాని పని కాదు. సర్దే పనిని సెట్టింగుల గొడవ లేకుండా తేల్చేసింది గో భాష. 2009లో బయటికి వచ్చినప్పుడే గోఫ్ఎంటీ అనే ఫార్మాటర్‌ను వెంట తెచ్చుకుంది. ఆ దారిలోనే 2017లో జావాస్క్రిప్ట్‌కు ప్రెటియర్, 2018లో పైథాన్‌కు బ్లాక్ వచ్చాయి. జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్ కూడా 2023లో తన ఫార్మాటింగ్ రూల్స్‌కు ఇక మద్దతు లేదని ప్రకటించింది. ఇంతమంది ఇదే గీత గీశాక మన రిపోలో దాన్ని చెరిపేయడానికి కారణమేమీ కనిపించదు నాకు.

టూల్స్ ఎంపిక మీద ఎక్కువ సమయం పెట్టకండి. పైథాన్‌కు రఫ్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, చాలా వేగంగా. టైప్‌స్క్రిప్ట్‌కు సర్దడానికి ప్రెటియర్, తప్పులు పట్టడానికి ఈఎస్‌లింట్. రెండూ కొట్టుకోకుండా ఈఎస్‌లింట్-కాన్ఫిగ్-ప్రెటియర్ కలపండి. జావాకు స్పాట్‌లెస్ అనే బిల్డ్ ప్లగిన్ ద్వారా గూగుల్-జావా-ఫార్మాట్. షెల్‌కు షెల్‌చెక్, ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎంటీ. టెర్రాఫామ్‌కు దానితోపాటే వచ్చే ఫార్మాట్ కమాండ్ ఉంది.

అన్ని భాషల్లో లైన్ పొడవు ఒకేలా ఉండాలని పట్టుబట్టే వాళ్లు ప్రతి టీమ్‌లో ఒకరుంటారు. వద్దని చెప్పండి. ప్రెటియర్ 80 అక్షరాల దగ్గర విరుస్తుంది, బ్లాక్, రఫ్ 88 దగ్గర, గూగుల్-జావా-ఫార్మాట్ 100 దగ్గర, గోఫ్ఎంటీకి అసలు హద్దే లేదు. ఏ భాష వాళ్లకు ఆ భాష బయటి ప్రపంచంలో ఎలా కనిపిస్తుందో మీ రిపోలోనూ అలాగే కనిపించనివ్వండి. కొత్తగా చేరినవాళ్లు నేర్చుకోవాల్సింది తగ్గుతుంది.

అన్ని భాషలకూ నిజంగా ఉమ్మడిగా ఉండాల్సినవి కొన్నే: యూటీఎఫ్-8, లైన్ చివర ఎల్‌ఎఫ్ (లినక్స్ వాడే లైన్ ముగింపు గుర్తు), ఫైల్ చివర ఒక కొత్త లైన్, లైన్ల చివర వేలాడే ఖాళీలు లేకపోవడం. వీటిని ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టండి. లైన్ ఎండింగ్స్ మాత్రం దానికే వదలకుండా గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో కూడా ఖాయం చేయండి. విండోస్ లాప్‌టాప్, లినక్స్ సర్వర్ రెండూ ఉన్న టీమ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఫైల్ మొత్తం డిఫ్‌లో (పాత, కొత్త కోడ్ తేడాల్లో) ఎర్రగా, పచ్చగా కనిపించడానికి కారణం చాలావరకు ఇదే. ఆ సెట్టింగ్ పెట్టాక గిట్ యాడ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే పాత ఫైళ్లు కూడా దారికొస్తాయి. ఖాళీలు తీసేసే హుక్‌లో మార్క్‌డౌన్ ఫైళ్లకు మినహాయింపు ఇవ్వండి; అక్కడ లైన్ చివర రెండు ఖాళీలకు అర్థం ఉంది.

ఇప్పుడు హుక్‌ను దాటేసేవాళ్ల సంగతి. దాటనివ్వండి. గిట్ కమిట్‌కు నో-వెరిఫై అని చేరిస్తే కమిట్‌కు ముందు చెక్ చేసే హుక్ నడవదు, పైగా హుకులు రిపోతోపాటు క్లోన్ అవవు, ప్రతి ఒక్కరూ తమ మెషీన్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కాబట్టి హుక్‌ను కాపలాదారుగా లెక్కపెట్టకూడదు. అది డెవలపర్‌కు సాయం మాత్రమే. అసలు గేటు సీఐలో, అంటే కోడ్ పుష్ చేసినప్పుడు సర్వర్ మీద నడిచే చెక్‌లలో, ఉండాలి, ఆ చెక్ పాసయితేనే మెర్జ్ అయ్యేలా మెయిన్ బ్రాంచ్‌కు రక్షణ పెట్టాలి. సీఐ చూసి చెప్పాలే తప్ప తనంతట తాను సరిచేసి కమిట్ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. గిట్‌హబ్ యాక్షన్స్‌లో మామూలుగా దొరికే టోకెన్‌తో బాట్ పుష్ చేస్తే ఆ కమిట్ మీద పైప్‌లైన్ మళ్లీ మొదలవదు. చెక్‌లు లేని కమిట్ ఒకటి పుల్ రిక్వెస్ట్ కొసన కూర్చుంటుంది, దాన్ని కదిలించడానికి ఎవరో ఒకరు ఖాళీ కమిట్ పెట్టాల్సి వస్తుంది.

మేక్‌ఫైల్‌లో రెండే టార్గెట్లు (పేరుతో పిలిచే పనులు) పెట్టండి: ఒకటి సర్దడానికి, ఒకటి చెక్ చేయడానికి. ఎడిటర్, హుక్, సీఐ మూడూ ఒకే టూల్స్‌ను, ఒకే వెర్షన్లను వాడాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ "నా మెషీన్‌లో పాసైంది, సీఐలో ఎందుకు ఫెయిలైంది" అన్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. బ్లాక్ తన స్టైల్‌ను ఏడాది మధ్యలో మార్చదు, ఏ మార్పయినా ఆ ఏడాది మొదటి రిలీజ్‌లోనే వస్తుంది. వెర్షన్ ఖాయం చేయని రిపోలో జనవరిలో ఒకరోజు పొద్దున్న అందరి బిల్డులూ ఎరుపెక్కుతాయి. వెర్షన్ పెంచాలంటే దానికంటూ వేరే పుల్ రిక్వెస్ట్ పెట్టండి, అందులో మరో పని కలపకండి.

హుకులకు మేం ప్రీ-కమిట్ అనే టూల్ వాడతాం. ఒక్కో టూల్‌కు విడి ఎన్విరాన్‌మెంట్ కట్టుకుంటుంది కాబట్టి నోడ్, పైథాన్ వెర్షన్ల గొడవ తక్కువ. ప్రెటియర్ ఒక్కదానికి మాత్రం లోకల్ హుక్ రాసి, ప్యాకేజ్ జేసన్‌లో ఉన్న వెర్షన్‌నే పిలవండి. ప్రీ-కమిట్ వాళ్ల ప్రెటియర్ మిర్రర్ (కాపీ) రిపోను 2024లో ఆర్కైవ్ చేసేశారు, పాత ట్యుటోరియల్స్ ఇంకా దాన్నే చూపిస్తాయి. కొత్తవాళ్లకు ఒకటి ముందే చెప్పండి: హుక్ ఫైల్‌ను సరిచేసినప్పుడు కమిట్ ఫెయిలైనట్టు చూపిస్తుంది. అది తప్పు కాదు, మళ్లీ యాడ్ చేసి కమిట్ చేస్తే చాలు. ఇది తెలియకే చాలామంది హుక్ మీద నమ్మకం పోగొట్టుకుని నో-వెరిఫై అలవాటు చేసుకుంటారు.

హుక్‌లో వేగంగా అయ్యేవి మాత్రమే ఉంచండి. టైప్‌స్క్రిప్ట్‌లో టైపులు తెలిస్తేనే పనిచేసే రూల్స్ ఉన్నాయి. అవి ప్రాజెక్ట్ మొత్తాన్ని చదవాలి కాబట్టి నెమ్మది. వాటిని సీఐకి పంపండి. అలాగని తీసేయకండి. ఎవెయిట్ (ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట) మర్చిపోయిన ప్రామిస్‌ను పట్టే రూల్ అందులోనే ఉంది. రివ్యూలో కంటికి చిక్కని బగ్గుల్ని అది పట్టిస్తుంది, నాకైతే దాని మీద ప్రత్యేకమైన అభిమానం.

అన్ని ఫైళ్లనూ ఒకేసారి సర్దే ఆ పెద్ద కమిట్‌కు మాత్రం బాగా సిద్ధపడాలి. దానికి భయపడేవాళ్లు రెండు కారణాలు చెబుతారు, రెండూ న్యాయమైనవే. ఒకటి, ఏ లైన్ ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైన్ పక్కన ఫార్మాట్ చేసినవాళ్ల పేరే కనిపిస్తుంది. రెండు, అప్పటికే తెరిచి ఉన్న బ్రాంచులన్నీ కాన్ఫ్లిక్టుల్లో (ఒకే చోట ఢీకొనే మార్పుల్లో) పడతాయి.

మొదటిదానికి గిట్ 2.23 వెర్షన్ నుంచి, అంటే 2019 నుంచి, మందు ఉంది. పట్టించుకోకూడని కమిట్ల హ్యాష్‌లను (గుర్తింపు కోడ్లను) ఒక ఫైల్‌లో రాసి బ్లేమ్‌కు చూపించొచ్చు. ఆ ఫైల్‌కు గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అని పేరు పెట్టి, ముందు ఒక చుక్క ఉంచి, రిపో మొదటి ఫోల్డర్‌లో పెడితే గిట్‌హబ్ దానంతట అదే చదువుకుంటుంది. లాప్‌టాప్‌లో మాత్రం ఎవరికి వారు గిట్ కాన్ఫిగ్‌లో సెట్ చేసుకోవాలి. మీరు స్క్వాష్ మెర్జ్ (బ్రాంచ్ కమిట్లన్నింటినీ ఒకటిగా చేసి కలపడం) వాడుతుంటే బ్రాంచ్‌లో ఉన్న హ్యాష్ పనికిరాదు. మెయిన్‌లోకి వెళ్లాక వచ్చిన కొత్త హ్యాష్‌ను ఆ ఫైల్‌లో రాయాలి. అంటే ఆ ఫైల్ రెండో పుల్ రిక్వెస్ట్‌లోనే రావాలి.

రెండోదానికి మేం పాటించే వరస ఇది. మీ బ్రాంచ్‌లోకి ముందుగా, పెద్ద కమిట్‌కు సరిగ్గా వెనకున్న కమిట్ వరకు మెర్జ్ చేసుకోండి. అక్కడ వచ్చేవి నిజమైన కాన్ఫ్లిక్టులే, వాటిని తీర్చండి. తర్వాత కొత్త కాన్ఫిగ్ ఫైళ్లు తెచ్చుకుని మీ బ్రాంచ్ మొత్తం మీద ఫార్మాటర్ నడిపి కమిట్ చేయండి. ఇప్పుడు ఆ పెద్ద కమిట్‌ను "అవర్స్" స్ట్రాటజీతో మెర్జ్ చేయండి. రెండువైపులా ఒకే ఫార్మాటర్ నడిచింది కాబట్టి మీ వైపు ఉన్నదే సరైన ఫలితం. ఆ పైన మామూలుగా మెయిన్‌ను కలుపుకోవచ్చు. ఒక విషయం మరవొద్దు: ఆ పెద్ద కమిట్‌లో మెషీన్ చేసిన మార్పు తప్ప చేత్తో చేసిన మార్పు ఒక్క లైన్ కూడా ఉండకూడదు. ఉంటే ఈ పద్ధతిలో అది మాయమైపోతుంది.

లింట్ రూల్స్‌ను ఇలా ఒక్కరోజులో తెచ్చి పడేయకండి. అన్నీ ఆన్ చేస్తే పాత కోడ్‌లో వేలకొద్దీ హెచ్చరికలు వస్తాయి, ఎవరూ చదవరు, కొన్నాళ్లకు ఫైల్ మొదట్లో మినహాయింపు రాసి వదిలేస్తారు. మేం ఒక రూల్ తెచ్చేముందు టీమ్‌కు ఒక ప్రశ్న వేస్తాం: మన దగ్గర ఇప్పటికే జరిగిన ఏ బగ్‌ను ఇది ఆపేది? జవాబుంటే ఆన్, లేకపోతే ఆగుతాం. పైథాన్‌లో డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఖాళీ లిస్ట్ ఇవ్వడం, షెల్‌లో కొటేషన్లు లేని వేరియబుల్, ఖాళీ అయ్యే వీలున్న వేరియబుల్‌ను ఆర్‌ఎమ్ కమాండ్‌కు ఇవ్వడం, ఇవన్నీ ఆ పరీక్షలో నెగ్గినవి. షెల్‌చెక్ మీద మాత్రం ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు, మొదటిరోజే పూర్తిగా ఆన్ చేయండి.

ఆటో-ఫిక్స్‌తో జాగ్రత్త. వాడని ఇంపోర్టును తీసేయడం నిరపాయంగా కనిపిస్తుంది. కానీ కొన్ని మాడ్యూళ్లను ఇంపోర్ట్ చేసేదే అవి నడవడం కోసం: పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో సిగ్నల్ హ్యాండ్లర్లు రిజిస్టర్ అయ్యేది అలాగే. అలాంటి లైన్ల పక్కన మినహాయింపు, దాని కారణం రెండూ రాయండి. రఫ్ తన ఫిక్సులను సురక్షితం, కానివి అని విడగొట్టుకుంది. రెండో రకాన్ని హుక్‌లో ఎప్పుడూ ఆన్ చేయకండి.

మీరు అడగలేదు గానీ, యాప్‌లో తెలుగు ఉంటే ఇది మీకూ ఎదురవుతుంది. ప్రీ-కమిట్‌తో వచ్చే జేసన్ సర్దే హుక్, ఆటోఫిక్స్ ఆప్షన్ ఇచ్చి ఇంకేమీ చెప్పకపోతే, ఆస్కీ (ప్రాథమిక ఇంగ్లీషు అక్షరాల సెట్) కాని ప్రతి అక్షరాన్ని యూనికోడ్ నంబర్‌గా మార్చేస్తుంది. తెలుగు అనువాదాల ఫైల్ మొత్తం చదవడానికి వీల్లేని కోడ్ల వరుస అవుతుంది. యాప్ నడుస్తుంది కానీ అనువాదాలు చూసేవాళ్లు ఆ డిఫ్‌ను ఏం చూస్తారు? దానికి నో-ఎన్‌ష్యూర్-ఆస్కీ అనే ఆప్షన్ ఇవ్వాలి. అదే హుక్ కీలను అక్షర క్రమంలోకి మార్చేస్తుంది, అది వద్దనుకుంటే నో-సార్ట్-కీస్ కూడా.

కంటికి కనిపించని అక్షరాలు తీసేసే స్క్రిప్టులు కొన్ని టీముల్లో చేత్తో రాసుకుని ఉంటాయి. జీరో-విడ్త్ స్పేస్‌ను తీయొచ్చు. రెండు అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో-విడ్త్ నాన్-జాయినర్‌ను మాత్రం ముట్టుకోకూడదు. అది పోతే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయిపోతుంది, స్క్రీన్ మీద ప్రతి రెండో ఇంగ్లీషు మాటా ఇలాగే వికారంగా కనిపిస్తుంది. ఇక లైన్ పొడవు: పైథాన్ లింటర్ పైకోడ్‌స్టైల్ కోడ్ పాయింట్లను, అంటే ఒక్కో యూనికోడ్ గుర్తును, లెక్కపెడుతుంది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, దాని లెక్కలో ఆరు. పొట్టిగా కనిపించే తెలుగు వాక్యం కూడా హద్దు దాటిందని గోల పెడుతుంది. పొడవు సంగతి ఫార్మాటర్‌కు వదిలేసి లింటర్‌లో ఆ రూల్ తీసేయండి.

మెగా-లింటర్, సూపర్-లింటర్ లాంటివి ఒకే డాకర్ ఇమేజ్‌లో పదుల కొద్దీ లింటర్లు పెట్టుకుని వస్తాయి. ఒక సంస్థలో ఉన్న రిపోలన్నీ ఏ స్థితిలో ఉన్నాయో ఒకసారి చూడటానికి బాగుంటాయి. రోజువారీ పనికి బరువెక్కువ. డెవలపర్ తన లాప్‌టాప్‌లో క్షణాల్లో చూసుకోలేనిదాన్ని సీఐలో మాత్రమే చూపిస్తే చిరాకు పెరుగుతుంది.

జావా టీమ్‌ను పెద్ద కమిట్‌కు బలవంతపెట్టకండి. స్పాట్‌లెస్‌లో రాచెట్-ఫ్రమ్ అనే సెట్టింగ్ ఉంది, దానికి ఆరిజిన్ మెయిన్ అని ఇస్తే మెయిన్‌తో పోల్చి మారిన ఫైళ్లను మాత్రమే సర్దుతుంది. వాళ్లు ముట్టుకున్న ఫైల్ దారికొస్తుంది, ముట్టుకోనిది అలాగే ఉంటుంది. ఒక్క చిక్కు, ముట్టుకున్న ఫైల్ మొత్తం సర్దుకుంటుంది కాబట్టి డిఫ్ పెద్దదవుతుంది. ముందు సర్దిన కమిట్, తర్వాత అసలు మార్పు కమిట్ అని విడగొట్టమని చెప్పండి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకవుట్ మామూలుగా చివరి ఒక్క కమిట్‌నే తెస్తుంది, అప్పుడు పోల్చడానికి మెయిన్ దొరక్క స్పాట్‌లెస్ ఫెయిలవుతుంది. చరిత్ర మొత్తం తెచ్చేలా ఫెచ్-డెప్త్‌ను 0 చేయండి. ఆ ఎర్రర్ మెసేజ్ చూస్తే అసలు కారణం తట్టదు, అందుకే ముందే చెబుతున్నాను.