చంద్రయాన్-3 ల్యాండర్, రోవర్ రెండు వారాలకే ఎందుకు ఆగిపోయాయి?

ల్యాండర్ విక్రమ్, రోవర్ ప్రజ్ఞాన్ పనిచేయాల్సిన కాలమే చంద్రుడి మీద ఒక పగలు, అంటే మన లెక్కలో సుమారు 14 రోజులు. రెండూ ఎండతోనే నడుస్తాయి. అందుకే 2023 ఆగస్టు 23న, అక్కడ పొద్దు పొడిచిన వేళ దించారు. ఆ తర్వాత వచ్చే రాత్రి కూడా దాదాపు 14 రోజులే. కరెంటు ఉండదు, చలి మైనస్ 100 డిగ్రీలకన్నా చాలా కిందికి దిగుతుంది. ఆ చలికి బ్యాటరీలు, సర్క్యూట్లు దెబ్బతింటాయి. అసలు చిక్కు అదే. చైనా రోవర్ యుటు-2 ఎన్నో రాత్రులు గట్టెక్కిందంటే, దానిలో రేడియోధార్మిక పదార్థంతో వెచ్చదనమిచ్చే ఏర్పాటు ఉంది.

మళ్లీ తెల్లవారాక సిగ్నల్ రాకపోవడంతో ప్రయోగం విఫలమైందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. రాత్రి తర్వాత అవి మళ్లీ పనిచేసి ఉంటే అదనపు లాభం, అంతే. అప్పటికే ప్రజ్ఞాన్ 100 మీటర్లు తిరిగి, నేలలో గంధకం ఉందని తేల్చేసింది.